ఎండ చూడని చీర

వాకాడు చేపల మార్కెట్లో నాగులమ్మ చేప తల నరికేటప్పుడు ఒక పేరు పలికేది. కత్తి ఎత్తి "ముత్యాలయ్యా" అనడం, టక్కున వేటు వేయడం. వంజరమైనా సరే, మాగ అయినా సరే, తల తెగే ప్రతి చేపా ముత్యాలయ్యే. కొత్తగా వచ్చిన బేరగాళ్ళు అదేదో దేవుడి పేరనుకుని భక్తిగా దణ్ణం పెట్టేవాళ్ళు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

నా పేరు జయశీల. మార్కెట్ పక్కనే మాకు ఐసు కొట్టు ఉంది. కొట్టు వెనక గదిలోకి నాగులమ్మ అద్దెకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేనప్పుడు హైస్కూలు పిల్లని. ఆమె చంకలో పిల్లవాడు, చేతిలో కత్తిపీట, అంతే సామాను. మా నాయన ఊరూ పేరూ అడిగితే, "నాకు ఊరు లేదు సామీ, శత్రువు మాత్రం ఉండాడు" అంది. పాము పగ పన్నెండేళ్ళంటారు. నాగులమ్మ ముందు పాము ఏపాటి? పన్నెండేళ్ళు దాటినా, జుట్టు నెరిసినా, ఆ కత్తికింద ముత్యాలయ్య తల తెగుతూనే ఉండింది.

ముత్యాలయ్య ఆమె పుట్టిన పాలేనికి పెద్దకాపు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాలెంలో పోలీసు మాటకన్నా పెద్దకాపు మాటకే విలువ. తప్పు చేశారని తేలినవాళ్ళకు దురాయి వేస్తారు. దురాయి పడిన మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, పెళ్ళికీ చావుకీ పిలవకూడదు. ఆ మనిషి ఎదురుపడి మాట్లాడినా వినబడనట్టు పోవాలి. చెంప మీద కొడితే ఆ నొప్పి సాయంత్రానికి పోతుంది. దురాయి అలా పోదు. దాన్ని కనిపెట్టినవాడెవడో నాకు దొరికితే ఐసు గడ్డల మధ్య పడుకోబెట్టేదాన్ని.

నాగులమ్మ చేసిన తప్పేమిటంటే, ఒక చీరను ఎండలో వేసింది.

అది గంగమ్మ చీర. ఏటా తొలివేటకు ముందు పాలెంలో జాతర చేస్తారు. పెళ్ళికాని కుర్రవాడొకడు అమ్మవారి పట్టుచీర చుట్టుకుని గుడి గదిలో మూడు రోజులు దీక్ష పడతాడు. తిండి ఉండదు, తలుపు తీయరు. చీర తీసిన ఇనుప పెట్టెనే తలాపున పెట్టుకుని పడుకుంటాడు. మూడో రోజు ఆ చీరతోనే మొదటి పడవ ఎక్కితే మిగతా పడవలు కదులుతాయి. ఆ చీరను ఉతకరు, ఆరేయరు. ఏడాది పొడుగునా పెట్టెలోనే ఉంటుంది. పురుగు కొట్టకుండా కలరా ఉండలు వేసి మూత వేస్తారు.

ఆ ఏడు దీక్ష నాగులమ్మ తమ్ముడు మస్తాన్‌కు వచ్చింది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఈమే. పెట్టె తెరవగానే ఘాటు కళ్ళలోకి కొట్టింది. ఈ కంపు మధ్య పిల్లవాడు మూడు రోజులు ఉపవాసం ఎలా ఉంటాడని, చీర తీసి, దగ్గరలో ఉన్న తాడు మీద ఎండలో వేసింది. అది ఎండుచేపలు ఆరేసే తాడు. ముత్యాలయ్య చూశాడు. అమ్మ చీరకు నీచు అంటించిందని గొంతు చించుకున్నాడు. చీర లాక్కుని మళ్ళీ పెట్టెలో పెట్టించాడు. నీచు వాసన పోవాలని తన చేత్తో ఇంకో పొట్లం కలరా ఉండలు గుమ్మరించాడు. ఆ సాయంత్రమే మస్తాన్‌కు అదే చీర చుట్టి తలుపు వేశారు.

రెండో రోజుకు మస్తాన్ కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాషన్‌లా నల్లగా వచ్చింది. నిలబడితే ఆయాసం. అమ్మకు కోపం వచ్చిందని పాలెమంతా వణికింది. ఆ కోపం చల్లారాలంటే చీర ఒంటి మీదినుంచి తీయకూడదని ముత్యాలయ్య తేల్చాడు. ఇంకా బిగించి చుట్టించి, పెట్టె పక్కనే పడుకోబెట్టాడు. నీచు చేసిన మనిషి నీడ పడకూడదని నాగులమ్మను గుడి దాపులకు రానివ్వలేదు. ఆమె ఇసకలో కూర్చుంది. లోపల తమ్ముడు ఎలా ఉన్నాడో వచ్చేపోయే ప్రతి ఒక్కరినీ అడిగింది. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి చావు డప్పు మోగితే తెలిసింది.

తర్వాత దురాయి. మొగుడు దురాయి వైపు నిలబడి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. చెల్లెలు మహాలక్ష్మి కూడా తలుపు మూసింది. ఆ చెల్లెలి కూతురు రోజారమణిని తర్వాత ముత్యాలయ్యే తన కొడుక్కి చేసుకున్నాడు. మహాలక్ష్మి చనిపోయినప్పుడు కబురు రాలేదు. చేపల ఆటో నడిపే చిన్నపోలయ్య మాటల్లో మాటగా అంటే తెలిసింది. ఆ రోజు నాగులమ్మ నరికిన చేపలు కొనడానికి జనం జంకారు. ముక్కలు అంత చిన్నవిగా పడ్డాయి.

ఇన్నేళ్ళూ ఆమెకు కూడా లోపల ఒక ముల్లు ఉండేది. నిజంగానే తన వల్ల తమ్ముడు పోయాడేమో, అమ్మవారికి నిజంగానే కోపం వచ్చిందేమో అని. ముత్యాలయ్య పేరు అంత గట్టిగా అరవడంలో ఆ భయం కూడా ఉందని నాకు తర్వాత అర్థమైంది.

ఆ ముల్లు ఊడిన సంగతి చెప్పాలి. ఆమె కొడుకు గంగులయ్య కృష్ణపట్నం పోర్టులో పనికి చేరాడు. కొన్నేళ్ళ కిందట వాడికి మలేరియా వచ్చింది. తగ్గాక మళ్ళీ తిరగబెట్టకుండా వేరే మాత్రలు ఇచ్చారు. అవి మింగిన మూడో నాటికి వాడి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం నల్లబడింది. నాగులమ్మ ఆ రంగు చూసి గోడకు చేరగిలబడిపోయింది. నేనే ఇద్దర్నీ నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ డాక్టరు ఎవాంజెలిన్ గారని, ఓపిక ఉన్న మనిషి. మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ వల్లే బతుకుతున్నాం. కానీ ఒంట్లో అది ఖర్చయ్యే చోట కొంత దారి తప్పుతుంది. ఆ దారి తప్పిన ఆక్సిజన్ మొండిది, దేన్ని తాకితే దాన్ని కొరుకుతుంది. అందరి ఒంట్లోనూ అది పుడుతూనే ఉంటుంది, ఒళ్ళు దాన్ని అణుస్తూనే ఉంటుంది. రక్తంలోని ఎర్రకణాలను దాన్నుంచి కాపాడటానికి ఒక ఎంజైము కావాలి. దాని పేరు జీ సిక్స్ పీడీ. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. కొన్ని మాత్రలు మింగినప్పుడు మాత్రం ఆ మొండి ఆక్సిజన్ ఒక్కసారిగా రేగుతుంది. అడ్డుకునేది లేక ఎర్రకణాలు పగిలిపోతాయి. కళ్ళలో పచ్చదనం, మూత్రంలో నలుపు అందుకే.

నాగులమ్మ డాక్టరు వైపు వంగింది. "పడవ ఇంజనుకి జింకు ముక్క బిగిస్తారు గదమ్మా. ఉప్పునీళ్ళు ముందు జింకును తింటాయి, ఇంజను జోలికి పోవు. జింకు లేకపోతే ఇంజనే తుప్పుపడతాది. నా బిడ్డకి జింకు తక్కువనా?"

"దాదాపు అంతేనమ్మా" అంది డాక్టరు. "ఇది తల్లుల వైపునుంచి కొడుకులకు వస్తుంది. మీ పుట్టింట్లో మగపిల్లలకు ఎవరికైనా ఇలా అయిందా? ఇకమీద ఈ మాత్రలు వద్దు. ఇంట్లో కలరా ఉండలు కూడా పెట్టుకోవద్దు. ఆ వాసన పీల్చినా, వాటిలో పెట్టిన బట్టలు కట్టినా ఇదే జరగొచ్చు."

నాగులమ్మ కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. "నేను ఎండలో ఏసినా" అంది. "నేను ఏసినా గదే జయా. ఎండలో ఉండనిచ్చింటే వాసన పొయ్యేదే." ఆసుపత్రి వరండాలో ఆమె ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ వినదలచుకోలేదు.

తిరిగి రాగానే పాలేనికి పోయింది. జనం మధ్య నిలబడి డాక్టరు మాట మొత్తం చెప్పింది. దురాయి ఉంది కాబట్టి ఎవరికీ వినబడలేదు. వలలు బాగు చేసుకునేవాళ్ళు వలలు బాగు చేసుకున్నారు. ముత్యాలయ్య పక్కవాడితో, "ఇయ్యాల గాలి మోత ఎక్కువగా ఉండాది" అన్నాడు.

ఆ మాటతో అసలు పగ మొదలైంది. అంతకుముందుది దుఃఖం. ఇంటికి వచ్చి ఒక కలరా ఉండను సీసాలో వేసి మూత బిగించి గూట్లో పెట్టింది. బయట పెడితే అది నెలకల్లా కరిగిపోతుంది, మూత బిగిస్తే ఎన్నాళ్ళైనా అలాగే ఉంటుంది. "చూడు మే, అరగలేదు" అని పండగ పండక్కీ నాకు చూపించేది. కడుపులో దేన్ని దాచుకున్నావో చూసుకోవే తల్లీ అని అనబోయి, చేతిలో కత్తి చూసి మానుకునేదాన్ని.

ఈ ఏడు వేట నిషేధం ముగిసే వారంలో చిన్నపోలయ్య ఆటో దిగుతూనే ఊరి కబురు చెప్పాడు. "ఈసారి దీక్ష పెద్దకాపు మనవడిదే. మన రోజారమణి కొడుకు పెంచల్."

నాగులమ్మ కత్తి కింద పెట్టింది. నేను ఆమె ముఖం చూశాను. నవ్వుతోంది.

పెంచల్ పుట్టినప్పుడు ఒళ్ళంతా పసుపు ముద్దలా ఉంటే, నెల్లూరులో నీలం దీపం కింద పెట్టి బతికించారని మార్కెట్లో అందరికీ తెలుసు. తల్లి రోజారమణి, ఆమె తల్లి మహాలక్ష్మి, మహాలక్ష్మి తల్లే నాగులమ్మకూ తల్లి. మస్తాన్‌కు ఏ రక్తమో వాడికీ అదే రక్తం. గంగులయ్యను పక్కన పెడితే, ఆ సంగతి భూమ్మీద తెలిసిన ఇద్దరం అక్కడే నిలబడి ఉన్నాం. నాగులమ్మ నాకు పావుకిలో జిలేబీ తెచ్చి పెట్టింది.

"అక్కా, చెప్పొద్దా వాళ్ళకి?" అన్నాను.

"చెప్పినా గదా. గాలి మోతన్నాడు."

"పిల్లోడేం చేసినాడక్కా?"

"మస్తాన్ ఏం చేసినాడు? అదే గుడి, అదే పెట్టె, అదే చీర. వాడి మనవడికి వాడే చేత్తో చుట్టనీ. అప్పుడు ఊరు ఎవురికి దురాయి ఏస్తాదో నేను చూడాల." జిలేబీ కొరికింది. "నువ్వు మధ్యలోకి రావాకు. నా పగ నాది."

నా నోరు ఊరుకునేది కాదు. మర్నాడే పాలేనికి పోయాను. నేను ఆ కులం కాదు, నాకు దురాయి లేదు. ముత్యాలయ్య మర్యాదగానే కూర్చోబెట్టాడు. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉన్నాడు. అంతా విని, "కలరా ఉండలకి మనుషులు చస్తారామ్మా? మా బీరువా నిండా అయ్యే. ఇన్నేళ్ళల్లో ఎంతమంది పిల్లోళ్ళు ఆ చీర కట్టినారు, ఎవురికన్నా ఏమన్నా అయిందా? ఆ మస్తాన్ పోయింది అమ్మ కోపానికి. ఎవురు చెప్పి పంపినారో నాకు తెలవదా?" అన్నాడు. రోజారమణి తలుపు చాటున నిలబడి ఉంది. వెళ్తూ ఆమెకు వినబడేలా గట్టిగానే అన్నాను. పిల్లవాడి కళ్ళు చూస్తూ ఉండమ్మా, పచ్చబడితే ఒక్క క్షణం ఆగవద్దు, మీ పెద్దమ్మకు మందు తెలుసు అని.

దీక్ష మొదలైంది. నాగులమ్మ ఆ రోజు మార్కెట్లో హుషారుగా ఉంది. మర్నాడు మాట తగ్గింది. చేప తలలు నరుకుతూ ఉంది కానీ పేరు పలకలేదు. మాటిమాటికీ రోడ్డు వైపు చూసింది.

పొద్దెక్కాక ఆటో వచ్చి మా కొట్టు ముందు ఆగింది. రోజారమణి దిగింది. వెనక సీట్లో పెంచల్ ఒరిగి ఉన్నాడు. మీసం మొలుస్తున్న పిల్లవాడు, ఒంటికి ఎర్ర పట్టుచీర, కళ్ళు రెండూ పసుపు. కొట్టు ముందంతా కలరా ఉండల ఘాటు.

"పెద్దమ్మా" అంది రోజారమణి. పుట్టి బుద్ధెరిగాక నాగులమ్మను ఆమె పలకరించడం అదే మొదలు. "గుడి తలుపు పగలగొట్టి తెచ్చినా పెద్దమ్మా. ఇంకా బిగించి చుట్టాలంటా ఉండారు. నా బిడ్డను బతికించు."

నాగులమ్మ కదల్లేదు. ఆ పిల్లవాడి ముఖంలోకే చూస్తోంది. గొంతులోంచి "మస్తాన్" అన్న మాట వచ్చింది. తర్వాత ఆమె చేసినవన్నీ కళ్ళు మూసి తెరిచేలోపు జరిగాయి. చీర పట్టుకుని లాగి పారేసింది. నా ఐసు తొట్టి పక్కనున్న మంచినీళ్ళ బానలోంచి చెంబులతో తల మీదినుంచి పోసి ఒళ్ళంతా రుద్దింది. "జయా, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్. గంగులూ, నీ చొక్కా తీసి వీడికి తొడుగు. నువ్వు వీళ్ళతో పో. ఆ డాక్టరమ్మ చెప్పిన పేరు మొట్టమొదట చెప్పు, తర్వాత మిగతాయి మాట్లాడు." గంగులయ్య ఆ రోజు సెలవులో ఉండటం మా అదృష్టం.

అంబులెన్సు వచ్చేసరికి ముత్యాలయ్య ఎవడి బండి మీదో దిగాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, మెడలో దీక్ష దండ. "బిడ్డను గుడికి తేవాల. అమ్మ కోపంగా ఉండాది" అంటూ అంబులెన్సు ఎక్కబోయాడు. రోజారమణి అడ్డంగా చెయ్యి పెట్టింది. "నువ్వు రావద్దు మామా. వచ్చినావంటే నేను మనిషిని కాను." తలుపు పడింది. బండి నెల్లూరు వైపు పోయింది.

ఏ ఆసుపత్రికో ఆయనకు తెలియదు. ఫోను గుడిలో వదిలి వచ్చాడు. గంగులయ్య కబురు చేసేది తల్లి ఫోనుకే, అది నాగులమ్మ నడుములో దోపుకున్న సంచిలో ఉంది. ఎక్కడికీ పోలేక ఆయన మా మెట్టు మీద కూలబడ్డాడు. నాగులమ్మ ఏమీ ఎరగనట్టు వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఫోను మోగింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. రక్తం ఎక్కిస్తున్నారు, టైముకు తెచ్చారు, పిల్లవాడికి భయం లేదంటున్నారు అని గంగులయ్య చెప్పాడు. నాగులమ్మ "సరే" అంది. ఫోను సంచిలో పెట్టి ఇంకో చేప అందుకుంది.

ముత్యాలయ్య లేచి నిలబడ్డాడు. ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె చేప పొట్ట చీరుతోంది.

"అక్కా, చెప్పెయ్" అన్నాను పళ్ళు బిగించి.

"ఇసకలో కూర్చున్నా నేను" అంది నాతో, ఆయనకు వినబడేలా. "పొద్దు పొడిచిందాకా కూర్చున్నా. ఎవురన్నా చెప్పినారా? కూర్చోనీ."

నాకు కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, ఆయన ముఖం చూస్తుంటే లోపల ఎక్కడో తృప్తిగా కూడా ఉంది. అనుభవించనీ అనిపించింది. దాపరికం దేనికి?

పొద్దు వాలింది. మార్కెట్ ఖాళీ అయింది. ముత్యాలయ్య లేచి కత్తిపీట దగ్గరికి వచ్చాడు.

"నాగులమ్మా, బిడ్డ ఎట్ట ఉండాడు?"

"దురాయి పడిన మనిషిని. నా మాట నీ చెవిన పడదు గదా పెద్దకాపూ. గాలి మోత."

"దురాయి ఎత్తేస్తుండా. నేనే ఏసినా, నేనే ఎత్తేస్తుండా. చెప్పు."

"అది కాదు. ఇంకోటి అడుగు. మస్తాన్ ఎట్ట పోయినాడో అడుగు. నీ నోటితో అడుగు."

ఆయన అడిగాడు. నాగులమ్మ చెప్పింది. ఒంట్లో రేగే ఆక్సిజన్ సంగతి, జింకు లేని ఇంజను సంగతి, ఎండలో వేసిన చీర సంగతి, నీచు పోవాలని ఆయన తన చేత్తో గుమ్మరించిన పొట్లం సంగతి, తీసేస్తే బతికేవాణ్ణి బిగించి చుట్టిన సంగతి. గొంతు పెంచలేదు, తొందరపడలేదు. ముత్యాలయ్య నిలబడే విన్నాడు. చివరికి వచ్చేసరికి కత్తిపీట పక్కన, చేప పొలుసుల్లో కూర్చుండిపోయాడు.

"నా చేత్తోనే" అన్నాడు. రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"నీ మనవడు బతికినాడు. మధ్యాన్నమే తెలిసింది నాకు" అని చెప్పి, నాగులమ్మ కత్తిపీట కడిగి లోపలికి పోయింది.

ముత్యాలయ్య మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. జాతర మైకులో, పాలెమంతా వింటుండగా, మస్తాన్‌ను చంపింది అమ్మ కోపం కాదు, తాను పోసిన కలరా ఉండలని చెప్పాడు. పెట్టెను గుంత తీసి పూడ్చారు. ఇకమీద చీర దీక్షకు ముందు వారం రోజులు ఎండలో ఆరాలని కట్టడి చేశారు. మొదటిసారి ఆరేయడానికి నాగులమ్మే రావాలని ఆడవాళ్ళంతా పసుపుకుంకుమలతో వచ్చి పిలిచారు. నేనూ తోడు వెళ్ళాను. ఆమె అదే ఎండుచేపల తాడు చూపించమని అడిగి, దానిమీదే వేసింది. పెంచల్ వాసన తగలకుండా దూరంగా నిలబడి తాడు కొస పట్టుకున్నాడు. ఒకరిద్దరు ముక్కు చిట్లించారు కానీ నోరెత్తలేదు.

ముత్యాలయ్య దూరంగా చేతులు కట్టుకుని నిలబడి, "నాగులమ్మా" అన్నాడు. ఆమె చీర అంచు సరిచేసి, ఆయన పక్కనుంచే నడిచి వచ్చేసింది.

"పలకరిస్తే పలక్కపోతే ఎట్టక్కా? దురాయి ఎత్తేసినారు గదా" అన్నాను దారిలో.

"ఊరు ఏసిన దురాయి ఊరు ఎత్తేసింది" అంది. "నేను ఏసింది ఎత్తలేదు."

ఇప్పుడు వారం వారం ముత్యాలయ్య వాకాడు మార్కెట్‌కు వస్తాడు. సముద్రం ఇంటి ముందు పెట్టుకుని ఇక్కడ చేపలు కొంటాడు. ఆమె ముందు నిలబడి ధర అడుగుతాడు. ఆమె ఆయన వెనకున్నవాడికి జవాబు చెబుతుంది. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు.

చేప తలలు తెగుతూనే ఉన్నాయి. కానీ కత్తి ఎత్తినప్పుడు ఆమె నోట ఇప్పుడు ఏ మాటా రాదు. ఏమక్కా, ముత్యాలయ్యను మర్చిపోయావా అని ఒకరోజు ఎగతాళిగా అడిగాను.

"దురాయి పడినోడి పేరు నోట పలకగూడదు మే" అంది, ఇంకో చేప అందుకుంటూ.